సమ్మె రోజుల్లో గోలి

"సమ్మె నడుస్తుంటె డ్యూటీకి పోతున్నవా? సిగ్గు లేదా?"

తండా మొదట్లో రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండి మీద కూర్చుని ప్రేమ్‌సింగ్ అడిగాడు.

సైకిల్ దిగినాయన భూపాల్. మరిపెడ సర్కారు దవాఖానలో కంపౌండర్.

"వాల్యాకు గోలి ఇయ్యాలె తమ్మీ. జర తొవ్వ ఇడువు."

వాల్యా సంగతి తండాకంతా తెలుసు. గుడుంబా మత్తులో సొంత తమ్ముడి తల పగలగొట్టి జైలుకు పోయాడు. అక్కడి డాక్టరు మందులిచ్చి తాగుడు మాన్పించాడు. నెల రోజుల పెరోల్ మీద పంపుతూ, రోజూ గోలి మింగాలనీ, తాగితే మళ్లీ జైలేననీ చెప్పారు. పది రోజులుగా భూపాలే వచ్చి, ఎదురుగా నిలబడి మింగిస్తున్నాడు.

"బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గు బంద్. నీ గోలి ఒక్కటి బంద్ గాదా?"

"కాదు. తెలంగాణ వచ్చేనాటికి వాల్యా బతికుండాలె గద."

ప్రేమ్‌సింగ్‌కు ఒళ్లు మండింది. సమ్మె ద్రోహి తెలంగాణ మాట ఎత్తడమా! పదిమంది పక్కనుంటే ధైర్యానికేం కొదవ? ఆయన చేతులకు గాజులు తొడిగించాడు. అందరూ నవ్వారు.

భూపాల్ గాజులు తీయలేదు.

"వీటితోనే ఇస్త. ఏమైతది?"

వాల్యా భార్య జమ్లీ పరుగెత్తుకొచ్చింది.

"రానియ్యి అన్నా. గోలి తప్పితె నా సంసారం ఆగమైతది."

ప్రేమ్‌సింగ్ వినలేదు. భూపాల్ గోలీల పట్టీ ఆమె చేతిలో పెట్టాడు.

"నాలుక కింద దాస్తడు బిడ్డా. నోరు తెరిపించి చూడు."

మర్నాడూ వచ్చాడు. మళ్లీ ఆపారు. మూడోనాడు రాలేదు.

"భయపడ్డడు" అన్నాడు ప్రేమ్‌సింగ్ మీసం తిప్పుతూ.

వాల్యా పెళ్లాం చెబితే నోరు తెరిచి చూపే మనిషి కాదు. గోలి తప్పింది. దసరా నాడు తాగాడు. పోలీసులు పట్టుకుపోయారు.

వారం తర్వాత జమ్లీ జైలుకు ములాఖత్‌కు పోయింది. తోడుగా ప్రేమ్‌సింగ్ పోక తప్పలేదు.

కటకటాల వెనక వాల్యా కళ్లు తేటగా ఉన్నాయి.

"మల్ల గోలి మింగుతున్నవా?" అడిగింది జమ్లీ.

"మింగకుంటె ఊకుంటడా? పొద్దుగాల లేపి డాక్టర్ కాడికి గుంజుకపోతడు. మింగేదాక పక్కకు జరగడు."

"ఎవరు?" అడిగాడు ప్రేమ్‌సింగ్.

"భూపాల్ సారు. మానుకోట కాడ రైలు పట్టాల మీద కూసున్నడని నాకంటె ముందే పట్టుకొచ్చిండ్రు."

"ఆయన డ్యూటీకి పోయేటోడు గద?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"మరిపెడ దవాఖానల అందరికంటె ముందు సమ్మెకు దిగింది ఆయనేనట. నా కాడికి ఒక్కనాడు గూడ డ్యూటీ మీద రాలేదు."