మొదటి స్థానం

నలభై దేశాల కంపెనీ చట్టాలను పోల్చి మార్కులు వేయడం నా పరిశోధన. చిన్న వాటాదారుడు డైరెక్టర్లను కోర్టుకీడ్చగలిగితే ఆ దేశానికి ఒకటి, లేకపోతే సున్నా. ఇలాంటి ప్రశ్నలు పది.

నాన్న తడిసిన గొడుగు మూలన పెట్టి, ఫైలుతో సహా నా పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆయన పనిచేసిన మిల్లును డైరెక్టర్లు తమ సొంత కంపెనీకే కారుచౌకగా అమ్ముకున్నారు. వాటాదారుడిగా ఆయన కోర్టుకెక్కి పంతొమ్మిదేళ్ళయింది.

"మళ్ళీ వాయిదా. జడ్జిగారు మారారట," అన్నాడు. "ఇంతకీ ఏ దేశంలో పుట్టుంటే గెలిచేవాణ్ణమ్మా?"

"పట్టికలో మనదే మొదటి స్థానం, నాన్నా."

"మనదా! అయితే మిగతావాళ్ళ గతేంటమ్మా, పాపం?"

నాకు నవ్వు రాలేదు.

"ఆ మార్కులకి ఆధారమేంటి?" అన్నాడు.

కోర్టుకీడ్చే ప్రశ్నకి దేశానికొక కేసు ఆధారంగా చూపాలి. కేసు వేయగలిగితే చాలు. తీర్పు వచ్చిందా అన్న గడి మా పట్టికలో లేదు. కంప్యూటర్ తెర మీద, మన దేశం అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించాను.

నాన్న కళ్ళజోడు తుడుచుకుని కేసు నంబరు పైకే చదివాడు. ఒళ్ళోని ఫైలు మీదా అదే నంబరు.

నా భుజం తట్టాడు.

"పోనీలేమ్మా. ఒక్కచోటైనా మన కేసు గెలిచింది."