నాలుగో సీసా

“ఫ్రిజ్‌లో నా సీసాలేవి?”

ఇంటావిడ అరుపుకి హాల్లో కిటికీ అద్దం కూడా ఉలిక్కిపడింది.

“కడిగేశాను,” అంది కొత్తావిడ. మూడు గాజు సీసాలూ సింకు పక్కన బోర్లించి తళతళలాడుతున్నాయి.

“కడిగేశారా? అందులో ఉన్నదో?”

“రాత్రిదేదో మిగిలి నానిపోయిందనుకున్నా. పారేశాను.”

“మిగిలింది కాదండీ, మేం తినాల్సింది! ఓట్స్! రాత్రంతా పాలలో నానితేనే పొద్దున్నకి టిఫినవుతుంది!”

“చల్లటి ముద్దని టిఫిన్ అంటారని నాకేం తెలుసు? వచ్చినప్పట్నుంచీ ఒక్కరోజైనా టిఫిన్‌కి పిలిచారా?”

హాల్లో తండ్రీకొడుకులు పేపరు చెరో సగం పంచుకుని దాని వెనక దాక్కున్నారు. ఎవరి పెళ్లాం వైపు మాట్లాడినా రెండో ఆవిడ బతకనివ్వదు. కొడుకు చేతిలో పేజీ తలకిందులుగా ఉంది. తండ్రి చూశాడు కానీ చెప్పే సాహసం చెయ్యలేదు.

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించరు. అది ఇంటావిడ శాసనం. అందరికంటే ముందు ఆఫీసుకి పరిగెత్తేది ఆవిడే. చవగ్గా దొరికే ఓట్స్, కాసిని పాలు, దాల్చినచెక్క పొడి, యాలకులు. సాయంత్రం కలిపి పెట్టేస్తే పొద్దున్న చెంచా తీసుకోవడమే పని. గ్యాస్ మిగులు, మనశ్శాంతి మిగులు అనేది ఆవిడ.

ఇప్పుడు గ్యాసొక్కటే మిగులుతోంది.

కొత్తావిడ వచ్చి వారం కాలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి, రెండు సూట్‌కేసులతో తిన్నగా ఇక్కడికే వచ్చింది. ముందు ఒక్క మాటైనా చెప్పకుండా చేసుకున్న పెళ్లి. ఇంటావిడ కడుపుమంటంతా అదే. అందుకే కొత్తావిడని ఇప్పటిదాకా వరసపెట్టి పిలవలేదు. ‘మీరు’ అంటుంది, అంతే. ఆ ‘మీరు’లో మర్యాద లేదు, తలుపు గడియ ఉంది. కొత్తావిడ కూడా అదే ‘మీరు’ని తిరిగి వడ్డిస్తోంది.

ఆ పూట నలుగురూ ఖాళీ కడుపుతోనే ఉన్నారు. చెప్పులేసుకుంటూ ఇంటావిడ తీర్పు చెప్పేసింది.

“రేపు టిఫిన్ మీదే. పొయ్యి ముట్టించకూడదు. ఎవరైనా మొహం తిప్పుకున్నారో, మీరూ మీ ఆయనగారూ వేరే ఇల్లు చూసుకోండి. మీ కాపురం మీది, మా కాపురం మాది.”

తలుపు ధడేల్‌మంది.

కొత్తావిడ హాల్లోకి చూసింది. ఆయన పేపరు దించి, మూసుకున్న తలుపు వైపే చూస్తున్నారు. ఈ ఇంట్లోవాళ్లని వదిలి ఆయన ఉండలేరు. వేరు కాపురం పెడితే తనని ఒక్క మాటా అనరు, కుంగిపోతారు. అదే ఆమె భయం.

సాయంత్రం ఇంటావిడ ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే వంటింటి గుమ్మంలో నిలబడింది, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు.

“ఓట్స్ ఎంతో పాలు అంత. అంచనాలు వద్దు, కప్పుతో కొలవండి.”

“కొలుస్తున్నా. కళ్లున్నాయి.”

“దాల్చినచెక్క పొడి చిటికెడు. గుప్పెడు కాదు.”

“నా చిటికె చిన్నదే. కొందరి నోరే పెద్దది.”

హాల్లో ఎవరికో పొలమారింది.

“ఆ నల్లబడ్డ అరటిపళ్లెందుకు తీశారు?”

“తీపికి. మెత్తగా మెదిపి కలిపితే పంచదార అక్కర్లేదు. ఖర్చు తగ్గుతుంది.”

“పారేసేవి కూడా వదలరా?”

“తినేవి పారేశానని పొద్దున్న ఊరంతా వినేలా అరిచారుగా. ఇప్పుడు పారేసేవి తినిపిస్తాను.”

ఇంటావిడ విసురుగా బ్యాగు దించి కుర్చీలో పడేసింది.

కొత్తావిడ దాల్చినచెక్క పొడి వేసింది. రెండు లవంగాలు దంచి వేసింది. మూడు సీసాలు నింపి, అటక మీంచి ఊరగాయ వాసన పోని పాత సీసా ఒకటి దించి, తోమి, అదీ నింపింది.

“ఇదెవరికి?”

“నాక్కూడా కడుపుందండీ. మీరు లెక్కలో వేసుకోలేదంతే.”

మర్నాడు పొద్దున్న నాలుగు మూతలు తెరుచుకున్నాయి. చెంచాలు గాజుకి తగిలే చప్పుడు ఒక్కటే. కొత్తావిడ తినలేదు. సింకు పట్టుకుని నిలబడి వింటోంది.

“ఇంకో సీసా ఉందా?” అని హాల్లోంచి ఒక గొంతు లేచింది.

“లేదు, నోర్మూసుకుని తినండి,” అంది ఇంటావిడ. కానీ ఆవిడ చెంచా కూడా సీసా అడుగున చుట్టూ తిరుగుతోంది. ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం ఏమాత్రం మారకుండా, సీసా తెచ్చి సింకులో పడేసింది.

“లవంగం ఘాటెక్కువైంది. రేపు ఒక్కటే వెయ్యండి.”

రేపు. కొత్తావిడ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. బయటికి మాత్రం, “చూద్దాం లెండి,” అంది.

అంతలో బెల్ మోగింది. పక్కింటావిడ. నాలుగు రోజులుగా గోడకి చెవి ఆనించీ ఆనించీ ఇక ఆగలేకపోయినట్టుంది. ఇంటావిడ తలుపు తియ్యగానే ఆవిడ భుజం మీదుగా వంటింట్లోకి తొంగిచూసింది. తడి చేతులతో నిలబడ్డ కొత్తావిడని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఈవిడెవరండీ? చుట్టాలా?”

హాల్లో పేపర్లు మళ్లీ మొహాలకి అడ్డంగా లేచాయి. ఇంటావిడ కొత్తావిడ వంక తిరిగి చూడలేదు.

“మా అత్తగారు,” అంది పళ్లు కొరుకుతూ, “అరవై దాటాక మా మామగారు ప్రేమించి పెళ్లి చేసుకొచ్చారు.”