మిరాబ్ సంతకం

"తాతా! చెయ్యి తియ్యి! అది ఆటబొమ్మ కాదు!"

ఎర్నిస్ అరుపుకి వర్క్‌షాపు కిటికీ అద్దాలు అదిరాయి.

బురద బూట్ల ముసలాయన వేలు తియ్యలేదు. బల్లమీద కట్టిన ప్లాస్టర్ కొండ మీద, నీలం చుక్క పెట్టిన చోటే ఆనించి ఉంచాడు.

"నీళ్లు ఇక్కణ్ణించే తెస్తారా బాబూ?"

"అవును. ఆ ఊట నుంచి గొట్టం, గొట్టం నుంచి ట్యాంకు, ట్యాంకు నుంచి అక్‌తెరెక్ ఊళ్లో ఇంటింటికీ కుళాయి. అర్థమైందా? ఇక దయచెయ్యి."

"ఊటని ఎప్పుడు చూశారు?"

"ఏప్రిల్లో."

"మంచు కరిగే రోజుల్లో కొండంతా ఊటే. జులైలో వచ్చి చూడండి. అక్కడ గొర్రె నాలుక కూడా తడవదు."

ఎర్నిస్ పకపకా నవ్వాడు. రాజధాని బిష్కెక్‌లో నాలుగేళ్లుగా ఇంజినీరింగ్ వెలగబెడుతున్నవాడు. కొండ దిగొచ్చిన ఎవడో గొర్రెల కాపరి చేత పాఠం చెప్పించుకోవడమా!

"మా లెక్క ఉపగ్రహం చెప్పింది తాతా. నీ లెక్క గాడిద చెప్పిందా?"

ముసలాయన తెల్లటోపీ సర్దుకున్నాడు.

ఎర్నిస్ జట్టులోనే ఉన్న అమ్మాయి సైకల్‌కి మనసొప్పలేదు. కుర్చీ లాగింది. "కూర్చోండి తాతా. టీ తాగుతారా? మీ పేరు..."

ఎర్నిస్ ఆమెను పక్కకు లాగేశాడు.

"నోరు మూసుకోవే తల్లీ! పేరడిగితే ఊరుకుంటారా వీళ్లు? తన ఏడు తరాల తాతల పేర్లు వల్లించి, మన ఏడు తరాలూ అప్పజెప్పించుకుని గానీ వదలడు. సాయంత్రం ఆరింటికి గడువు!"

"ఇంటికొచ్చిన పెద్దాయన్ని పేరడక్కపోతే మర్యాదా?"

"నీ మర్యాదకి ఎవరైనా ఐదు లక్షల సోములు ఇస్తారా?"

ఆ ఐదు లక్షల కోసమే ఈ హడావిడంతా. పల్లెలకు పనికొచ్చే విద్యార్థుల ప్రాజెక్టులకు ఒక సంస్థ ఇచ్చే సాయం అది. వస్తే అక్‌తెరెక్‌కి నీళ్లు, ఎర్నిస్‌కి పేరు. రాకపోతే ఆ ఊరి ఆడవాళ్లకు గాడిదల మీద క్యాన్లు మోసుకొచ్చే పాట్లు తప్పవు. నిజం చెప్పాలంటే, ఎర్నిస్ బెంగ ఆడవాళ్ల గురించి కాదు.

దరఖాస్తులో అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఊరికి నీళ్లు పంచే పెద్దని మిరాబ్ అంటారు. 'ఈ పథకం మాకు సమ్మతమే' అని ఆ మిరాబ్ సంతకం చెయ్యాలి. సాదిర్‌కుల్ అట ఆ మహానుభావుడి పేరు. మూడు వారాలుగా ఫోన్లు చేస్తున్నారు. మందతో వేసవి మేతకు కొండెక్కాడట. అక్కడ సిగ్నల్ లేదట.

ఎర్నిస్ చూపు ముసలాయన చేతుల మీద పడింది. పగుళ్లు, గోళ్ల నిండా మట్టి.

"తాతా, రాయడం వచ్చా?"

"ఏదో, కొద్దిగా."

టైపు చేసిన ఉత్తరం ఆయన ముందు పడేశాడు. "అడుగున సాదిర్‌కుల్ అని రాయి, చాలు."

ముసలాయన కాయితం వంక చూశాడు. ఆ తర్వాత ఎర్నిస్ మొహం వంక చూశాడు.

"ఆ పేరు నాచేత రాయిస్తావా?"

"రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఆయన్ని నువ్వెప్పుడైనా చూశావా బాబూ?"

"చూడ్డానికేముంది? పార భుజాన వేసుకుని కాలవ గట్టున తిరిగేవాడేగా! రాయి, రాయి."

"తప్పు ఎర్నిస్, వద్దు," అంది సైకల్.

"డబ్బులొచ్చాక తప్పులు లెక్కపెడదాంలే!"

ముసలాయన కలం అందుకున్నాడు. బల్లమీదికి వంగి రాస్తూనే ఉన్నాడు.

"పేరు రాయడానికి ఇంతసేపా? అక్షరాలు ఉలితో చెక్కుతున్నావా?"

ఆయన కాయితం మడిచి ఇచ్చాడు. ఎర్నిస్ విప్పి చూడనైనా లేదు. కవర్లో కుక్కి, అంటించేశాడు.

"ఇదిగో, తిని పో," అంటూ తాను సగం తిన్న రొట్టె ఆయన ముందుకు నెట్టాడు.

ముసలాయన చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాడు. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

పదిరోజులకి సంస్థ నుంచి పిలుపొచ్చింది. ఎర్నిస్ కొత్త సూటు తొడుక్కుని, సైకల్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. బల్ల వెనక ఐదుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు.

మధ్యలో ఉన్నావిడ అంది: "మీ దరఖాస్తు మొత్తంలో మిరాబ్ ఉత్తరం మమ్మల్ని బాగా ఆకట్టుకుంది."

ఎర్నిస్ ఛాతీ పొంగింది. "ఆయనతో గంటలకొద్దీ కూర్చుని మాట్లాడాం మేడమ్. మమ్మల్ని సొంత మనవల్లా చూసుకుంటాడు!"

"అలాగా! మరి ఆయన రాసింది చదివారా?"

"చదవకుండా ఎలా ఇస్తాం మేడమ్!"

"అయితే కింద చేత్తో రాసిన నాలుగు ముక్కలూ మా అందరికీ వినిపించు."

కాయితం చేతికొచ్చింది. టైపు అక్షరాల కింద సంతకం, దాని కింద ముత్యాల్లాంటి దస్తూరీ.

ఎర్నిస్ కాయితం మళ్లీ మడవబోయాడు. సైకల్ తల దించేసుకుంది.

"చదువు నాయనా, సిగ్గెందుకు?"

చదివాడు.

"ఆ ఊట జులైలో ఎండిపోతుంది. ఏడాదంతా పారే ఊట రెండో లోయలో ఉంది. చూపిద్దామనే వచ్చాను, ఈ పిల్లలకి వినే తీరిక లేదు. నాకోసం వెతుకుతున్నారని తెలిసి కొండ దిగి రెండు రోజులు ప్రయాణం చేసి వస్తే, నా పేరైనా అడక్కుండా, నా సంతకాన్ని నాచేతే దొంగసంతకంగా పెట్టించారు. ఇట్లు, అక్‌తెరెక్ మిరాబ్, సాదిర్‌కుల్."