అన్నయ్య కంప్యూటరు

“ఆ కుర్చీ ఫ్యాను కిందకి లాక్కోండి. ఉక్కగా ఉంది,” అన్నాడు సత్యానందం.

జోజికి గుండెల్లో కలుక్కుమంది. పొద్దున్నే రావులపాలెంలో బస్సు మారి అమలాపురం చేరి, ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. రండి, కూర్చోండి, కాఫీ తీసుకుంటారా! కోనసీమలో మర్యాదకేం కొదవ? కుక్కని అదిలించినా ‘అవతలికెళ్లండి’ అంటారని పక్క జిల్లాలవాళ్లు ఊరికే ఎగతాళి చెయ్యరు. కానీ తల్లీ తండ్రీ పోయాక చంకనేసుకుని పెంచిన అన్న, సొంత తమ్ముణ్ని పట్టుకుని ‘అండీ’ అంటే దాన్ని మర్యాద అంటారా? అంతకన్నా రెండు లెంపకాయలు కొడితే హాయిగా ఉండేది.

కోపం ఎందుకో జోజికి తెలుసు. అన్నయ్యకి ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. తన తర్వాత తమ్ముడే దాన్ని నడుపుతాడని ఆయన ఆశ. తమ్ముడేమో “టైపు మిషన్లకి రోజులు చెల్లేయన్నయ్యా” అని మొహమ్మీదే అనేసి, హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో చేరిపోయాడు. వెళ్లాడే గానీ మనసూరుకోలేదు. ఆఫీసువాళ్లు తీసేస్తున్న కంప్యూటరొకటి చవగ్గా కొని ఇంటికి పంపించాడు. ఆ రోజుల్లో అమలాపురంలో ఇంట్లో కంప్యూటరంటే వింతే. సత్యానందం పట్టుబట్టి దాన్ని నేర్చుకున్నాడనీ, గల్ఫు వెళ్లేవాళ్ల దరఖాస్తులు దానిమీదే కొడుతున్నాడనీ వదిన రాసింది. అన్నయ్య మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడా కంప్యూటరుని నడిపించే సీపీ/ఎం అనే ప్రోగ్రాం మూలపడింది. లోకమంతా డాస్ అనే కొత్త ప్రోగ్రాంకి మారిపోయింది. ఇంట్లోనూ పాతది తీసేసి కొత్తది పెట్టి, దగ్గర కూర్చుని నేర్పి, అన్నయ్య నోట ఒక్కసారి ‘ఒరేయ్’ అనిపించుకుని వెళ్లాలని జోజి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

బొండాలు కొట్టించడానికి సత్యానందం పెరట్లోకి వెళ్లగానే, వదిన మార్తమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“దాన్ని మార్చకు జోజీ. పాతది ఆయన వేళ్లకి వచ్చు. అలాగే పోనియ్యి, నీకు పుణ్యముంటుంది.”

“ఎంతకాలం వదినా? పాడైతే బాగుచేసే నాథుడు లేడు. అయినా అన్నయ్యకి కంప్యూటరు మీద కోపమేం లేదులే. ఉన్నదంతా నా మీదే. ఎలా మాట్లాడుతున్నాడో విన్నావా?”

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అది కోపం కాదయ్యా. నీకో సంగతి చెప్పాలి. ఉత్తరంలో రాయడానికి చెయ్యి రాలేదు...”

“ఏవండీ! లేతది తాగుతారా, కండ పట్టింది కావాలా?” పెరటి గుమ్మంలోంచి కేకేశాడు సత్యానందం.

మార్తమ్మ కళ్లు తుడుచుకుంటూ లోపలికి తప్పుకుంది. వదినకి మొదట్నుంచీ ఇంతే, అన్నదమ్ముల మధ్య మాటొస్తే తట్టుకోలేదు పాపం, అనుకున్నాడు జోజి.

బొండం తాగి, కొత్త డిస్కు పెట్టి మిషను ఆన్ చేశాడు. సత్యానందం కొత్తగా చేరిన విద్యార్థిలా పక్కన బుద్ధిగా కూర్చున్నాడు.

“పాతదాంట్లో కాపీ తియ్యాలంటే, ముందు ఎక్కడికి వెళ్లాలో కొట్టి, తరవాత ఎక్కణ్నుంచో కొట్టేవాడివి కదన్నయ్యా. ఇందులో అది తిరగబడింది. ఎక్కణ్నుంచో ముందు చెప్పాలి.”

“ఆయ్. అదే పద్ధతి లెండి. ఎక్కణ్నుంచి వచ్చేమో చెప్పుకున్నాకే ఎక్కడికెళ్లినా.”

ఆ మాట జోజికి సూటిగా తగిలింది. అన్నయ్య ఎప్పుడూ అంతే, అరవడు. నవ్వుతూనే వాత పెడతాడు.

“తప్పయిపోయిందన్నయ్యా,” అన్నాడు. “ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది.”

“అయ్యయ్యో, దానికేముందండీ! ఇంత దూరం వచ్చేరు. అదే పదివేలు.”

జోజి కీబోర్డు ఆయన ముందుకి జరిపాడు. సత్యానందం వేళ్లు పాత అలవాటుకొద్దీ తిరగేసి కొట్టాయి. తప్పు వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే. జోజి విసుక్కోకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అక్షరం కొట్టించాడు. చిన్నప్పుడు టైపు మిషను మీద తన చెయ్యి ఇలాగే పట్టుకున్న అన్నయ్య ఈయనే కదా అనిపించి, కోపమూ పోయింది, ఉక్రోషమూ పోయింది. ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

భోజనాల వేళకి, జోజి చెయ్యి వెయ్యకుండానే కాపీ అయింది.

“హమ్మయ్య! వచ్చిందండోయ్!” సత్యానందం చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. నవ్వుతూనే జోజి భుజమ్మీద చెయ్యి వేశాడు. పొద్దున్నించీ అదే మొదటిసారి. జోజి ఊపిరి బిగబట్టాడు.

“ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారండీ! ఇంకొక్క సాయం చేసి పెట్టాలి.”

“చెప్పన్నయ్యా. ఏం కావాలన్నా చేస్తాను.”

సత్యానందం వీధి గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మా తమ్ముడు జోజి వస్తే వాడికీ నేర్పండి.”