పన్నెండింటిలోగా ఒక పేరు

“ఆ పేరు కొట్టెయ్ నాయనా.”

ఫెర్గస్ ఉలిక్కిపడి నోట్‌బుక్ మూసేశాడు.

ఇసుకదిబ్బ మీద, అతనికి రెండడుగుల వెనక, తడిసిన కోటులో ఓ ముసలావిడ కూర్చుని ఉంది.

“పక్కవాళ్ల రాత చదవడం ఏం మర్యాద పెద్దమ్మా?”

“అంతంత అక్షరాలు రాస్తే చదవక ఏం చేస్తాం? టిల్డా గెలవదు. మన ఊళ్లో గెలవదు.”

ఫెర్గస్ వాచీ చూసుకున్నాడు. పదకొండుంబావు. పన్నెండింటిలోగా ఒక పేరు పత్రికాఫీసుకి చేరాలి.

మర్నాటి నుంచి ఇన్వర్‌డ్రమ్‌లో ఆడవాళ్ల గోల్ఫ్ పోటీ. సగం ఊరు పత్రికలో ఫెర్గస్ జోస్యం చదివి, తిన్నగా పందేల దుకాణానికి వెళ్తుంది. గత మూడు పోటీల్లోనూ అతను చెప్పినవాళ్లంతా బోర్లాపడ్డారు.

“ఈసారి ఎవరిని ముంచుతావో చెప్పు ఫెర్గస్, ఆమెని వదిలేసి మిగతా అందరి మీదా కాస్తాం!” అని మాంసం కొట్టు డోనల్డ్ నడిరోడ్డు మీద నవ్వాడు.

ఎడిటర్ ఇన్నెస్ మాత్రం నవ్వలేదు. “ఇదే ఆఖరు. ఇదీ తప్పితే నీ శీర్షిక కంప్యూటర్‌కి అప్పగిస్తా” అన్నాడు.

అది ఉత్త ఉద్యోగమైతే ఫెర్గస్ అంత బాధపడేవాడు కాదు. ఆ శీర్షిక ఒకప్పుడు ‘లైట్‌హౌస్’ అన్న కలంపేరుతో వచ్చేది. ఇరవై ఆరేళ్లు ఆ పేరుతో వచ్చిన ప్రతి ముక్కా ఫెర్గస్ చిన్నప్పట్నుంచీ కత్తిరించి దాచుకున్నాడు. లైట్‌హౌస్ ఎవరో ఎడిటర్‌కి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో గోల్ఫ్ క్లబ్బు గడప ఆడవాళ్లని తొక్కనిచ్చేవారు కాదు. అందుకని ఫెర్గస్ ఊహలో ఆయన క్లబ్బు కిటికీ పక్కన విస్కీ గ్లాసుతో కూర్చున్న మీసాల పెద్దమనిషి. ఆ కుర్చీ తన చేతుల్లో పోతుందంటే అతనికి నిద్ర పట్టడం లేదు.

“అక్కడ సాధన చేస్తున్న టిల్డా బంతి చూశావా పెద్దమ్మా? ఆకాశంలోకి లేచి, అనుకున్నచోటే పడుతోంది.”

“ఇవాళ గాలి లేదు కనక పడుతోంది. రేపు గాలి లేస్తే పైనున్న బంతి ఆమె మాట వింటుందా? పొద్దుట్నుంచి ఒక్కసారన్నా నేల మీద దొర్లించి కొట్టిందా?”

ఫెర్గస్ గుర్తుచేసుకున్నాడు. కొట్టలేదు.

“అదిగో, ఆ మూల పసుపు టోపీ పిల్ల. థాయిలాండ్ అమ్మాయి, ప్రాంగ్. మూడు గంటలుగా నలభై గజాల నుంచి దొర్లిస్తూనే ఉంది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.”

ఫెర్గస్ నవ్వేశాడు.

“అందుకే వద్దంటున్నా. ‘ముందురోజు గంటలకొద్దీ సాధన చేసే పిల్లని నమ్మకు, తన ఆట మీద తనకే నమ్మకం లేదు.’ ఈ మాట ఎవరన్నారో తెలుసా? లైట్‌హౌస్!”

ముసలావిడ ముఖం చిట్లించింది.

“అది తప్పు.”

“ఏంటీ?”

“ఆ ముక్క తప్పంటున్నా. ఆ ఏడు అలాంటి పిల్లే గెలిచింది. తర్వాతైనా దిద్దాల్సింది. దిద్దలేదు.”

ఫెర్గస్‌కి ఒళ్లు మండింది.

“ఆయన్ని తప్పు పట్టడానికి నువ్వెవరు? క్లబ్బు కిటికీలోంచి ఇరవై ఆరేళ్లు ఆట చూసిన మనిషి ఆయన!”

“ఆ కిటికీలోంచి ఈ మూల కనపడదులే.”

ఫోన్ మోగింది. ఇన్నెస్.

“పేరేదోయ్?”

“ఐదు నిమిషాలు సార్!”

అప్పుడే ప్రాంగ్ కొట్టిన బంతి మిట్ట ఎక్కి, వంపు తిరిగి, మెల్లగా వచ్చి గుంతలో పడింది. ఫెర్గస్ చెయ్యి తనంతట తనే ‘ప్రా’ అని రాసింది. వెంటనే కొట్టేశాడు.

“రాయి నాయనా. చదివింది కాదు, చూసింది రాయి.”

“నీకు దణ్ణం పెడతా, ఇక్కణ్ణించి లే పెద్దమ్మా! అవతల నా బతుకు పోతోంది.”

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. కోటుకి అంటిన ఇసుక దులుపుకుని, దిబ్బ దిగి వెళ్లిపోయింది.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా ఫెర్గస్ టిల్డా పేరు పంపేశాడు.

గురువారం మధ్యాహ్నం గాలి లేచింది. టిల్డా బంతులు పైకి లేచినవి లేచినట్టే పక్కకి కొట్టుకుపోయి ముళ్లపొదల్లో పడ్డాయి. రెండు రోజుల ఆటలో వెనకబడ్డవాళ్లని ఇంటికి పంపేస్తారు. శుక్రవారం సాయంత్రం టిల్డా పెట్టె సర్దుకుంది.

ఆదివారం ప్రాంగ్ కప్పు ఎత్తుకుంది.

ఫెర్గస్ ఆ జనంలో ముసలావిడ కోసం గంటసేపు వెతికాడు. ఒక్క క్షమాపణ చెప్పుకుందామని. కనపడలేదు.

సోమవారం ఇన్నెస్ ముందు నిలబడ్డాడు.

“టిల్డా ఓడింది. నా టేబుల్ ఖాళీ చేస్తాను సార్.”

“ఓడినందుకు కాదోయ్. లైట్‌హౌస్ జోస్యాలూ తప్పేవి. నిన్ను పంపెయ్యడం ఇష్టంలేకే లైట్‌హౌస్‌కి కబురు పెట్టాను, మావాడు పనికొస్తాడో లేదో ఒకసారి చూసి చెప్పమని. ‘ఉంచండి’ అని ఒక్క ముక్క వచ్చుంటే, టిల్డా ఏమైపోయినా నిన్ను ఉంచేవాణ్ణి.”

ఫెర్గస్ టేబుల్ మీదికి వంగాడు.

“లైట్‌హౌస్ నన్ను చూశారా? ఎప్పుడు సార్?”

ఇన్నెస్ ఒక ఉత్తరం ముందుకి తోశాడు. పైన బుధవారం తేదీ ఉంది.

ఫెర్గస్ చదివాడు:

“మీవాడు మంచివాడే, నా రాతలన్నీ నాకన్నా బాగా కంఠతా పట్టాడు, కానీ వాటిలో ఒక ముక్క తప్పని ఇవాళ నేనే వెనక కూర్చుని చెబితే, లైట్‌హౌస్ మీద గౌరవంతో నన్ను లేపి పంపేశాడు.”