గతుకు

ఆసుపత్రి గేటు ఎదుటి బల్ల మీద ఆ ముసలాయన వచ్చి కూర్చోవడం అది మూడో రోజు.

ఒళ్లో గుడ్డ సంచి. చేతిలో చీటీ లేదు, లోపల తనవాళ్లెవరూ ఉన్నట్టూ లేదు. చూపు మాత్రం గేటు మీదే.

కాపలాదారుకు అనుమానం వచ్చింది. వారంలో వార్డుల నుంచి రెండు ఫోన్లు పోయాయి. మూడోది పోతే ఈ ఉద్యోగమూ పోతుంది.

పదకొండేళ్లు ఇక్కడే స్ట్రెచర్ తోసిన మనిషి అతను. గేటుకు మార్చి ఇంకా నెల కాలేదు. నెల నిండితే ఖాయం చేస్తామన్నారు.

ఖాకీ చొక్కా తొడిగిన మొదటి రోజు అందరినీ ‘మీరు’ అన్నాడు. వారం తిరిగేసరికి ‘నువ్వు’ అన్నాడు. ఇప్పుడు ‘ఏయ్’ అంటున్నాడు. అలా అంటేనే గేటు ముందు జనం వరసలో నిలబడుతున్నారు మరి.

“నేనేం గేటు దూకలేదు, మెల్లగా చెప్పు,” అంది ఇంట్లో భార్య.

మధ్యాహ్నం ముసలాయన లేచి తిన్నగా గేటు దగ్గరికి వచ్చాడు.

“బాబూ, నీతో ఒక్క మాట...”

“ముందు సంచి తియ్యి.”

ఆయన సంచిని గుండెకు హత్తుకున్నాడు. దాంతో అనుమానం కాస్తా రూఢి అయింది. కాపలాదారు లాగాడు. ఆడవాళ్ల శాలువా ఒకటి జారి పడింది.

“ఎవరిది కొట్టేశావు?”

“మా ఆవిడది.”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు తన మీదేననిపించింది. రెక్క పట్టి బయటికి నెట్టాడు. గేటు దగ్గరి గతుకులో కాలు పడి, ముసలాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

లేచి, శాలువా దులిపి, మడిచి పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నెల నిండింది. గేటు దగ్గర క్రమశిక్షణ బాగుందని మెచ్చుకుని గుమాస్తా ఖాయం కాగితం ఇచ్చాడు. ఫైల్లోంచి ఇంకో కాగితం కూడా తీశాడు.

“నిన్ను గేటుకు వేసింది ఈ ఉత్తరం చూసే. ఇక మాకు అక్కర్లేదు, నువ్వు ఉంచుకో. రాసినాయన నిన్ను కలుస్తానన్నాడే, రాలేదా?”

కాపలాదారు ఉత్తరం విప్పాడు.

‘నా భార్య మీ ఆరో వార్డులో చనిపోయింది. ఆమె స్ట్రెచర్ తోసిన మనిషి పేరు నాకు తెలియదు. అతను నా ముఖం ఏనాడూ చూడలేదు, ధ్యాసంతా ఆమె మీదే. గేటు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగి, జారిన శాలువా సర్ది, “గతుకుందమ్మా, ఓర్చుకోండి” అనేవాడు. వచ్చినవాళ్లతో మొదట మాట్లాడే చోట అతన్ని పెట్టండి.’