కాన్పు కాగానే వేసే సూది

"ఆగమ్మా!" అంటూ నర్సు చెయ్యి పట్టేసుకున్నాను. బిడ్డ అప్పుడే పుట్టి ఏడ్చింది, మా అమ్మాయి నవ్వుతోంది. ఇంతలో అమ్మాయి తొడకు సూదేమిటి?

"ఏదో అయింది. నాకు చెప్పకుండా దాస్తున్నారు."

"ఏమీ కాలేదు పెద్దమ్మా. కాకూడదనే ఈ సూది. నెత్తురు ఎక్కువ పోకుండా కాన్పు కాగానే అందరికీ వేస్తాం. మీరు చెయ్యి వదిలితే మీ అమ్మాయికీ వేస్తాను."

వదిలాను. ఆమె సూది వేసింది. తర్వాత కూడా కళ్లు తుడుచుకుంటూ, నెత్తురు పోతోందేమోనని పక్క దుప్పటి ఎత్తి ఎత్తి చూస్తూనే ఉన్నాను.

"నేను బాగున్నానుగా, ఇంకా ఏడుపెందుకమ్మా?" అంది అమ్మాయి.

"మా అమ్మ గుర్తొచ్చింది."

"నువ్వు ఆవిణ్ణి చూడనే లేదుగా!"

"లేదు. నన్ను కనగానే నెత్తురు ఆగక చనిపోయింది. పుడుతూనే తల్లిని మింగిందని నన్నందరూ అనేవాళ్లు."

నర్సు పసిదాన్ని తుడిచి, గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.

"తల్లి పోతే బిడ్డేం చేస్తుంది పెద్దమ్మా?" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఒక్కరూ అనలేదు.